మా ఆయన ఊపిరి ఎవరిది?

మా ఆయన ఆడెలార్ ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం తగిలించుకుని నిద్రపోతాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంటుంది కాబట్టి, మంచం పక్కనున్న చిన్న మెషీను రాత్రంతా గాలి ఊదుతూనే ఉంటుంది. పెళ్లికి ముందు స్నేహితురాళ్లు నా మీద తెగ జాలిపడ్డారు. నాకైతే ఆ చప్పుడు సముద్రం పక్కన పడుకున్నట్టే ఉంటుంది. మా ఊళ్లో అందరూ సముద్రం పక్కనే పడుకుంటారనుకోండి, నాకు రెండోది అదనం!

పెళ్లి జూన్‌లో అయింది. సెప్టెంబరులో బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు యార్మత్ క్లినిక్‌లో పనిచేసే డార్లీన్ ఫోను చేసింది. ఆడెలార్ స్కూలు బస్సు నడుపుతాడు. రాత్రి ఊపిరి ఆగితే పగలు స్టీరింగు దగ్గరే కునుకు పడుతుంది. అందుకని మెషీను తనంతట తానే సిగ్నల్ మీద పంపే లెక్కలు చూసి, రోజూ వాడుతున్నాడని క్లినిక్ రిపోర్టు ఇస్తేనే డాక్టరు సంతకం పెడతాడు. సంతకం లేకపోతే బస్సు లేదు.

"ఆడెలార్ గారూ, పెళ్లయ్యాక ఒక్క రాత్రి కూడా మాస్కు పెట్టుకోలేదేంటండీ? మా కంప్యూటరులో అంతా ఖాళీ!" స్పీకర్లోంచి డార్లీన్ నవ్వు. "కొత్త పెళ్లికొడుకులంతా ఇంతేలెండి."

"రోజూ పెట్టుకుంటున్నానండీ బాబూ!"

మా అత్తగారు లెయోని, రాపూర్ అనే మా వైపు దుంపల వంటకం చేద్దామని వచ్చి, నా వంటింట్లో బంగాళదుంపలు తురుముతోంది. తురమడం ఆపి నావైపు చూసింది.

"ఏమే మిరేయ్, అడ్డంగా ఉందని నువ్వు గానీ తీయించేశావా?"

"అత్తయ్యా!"

"ఏం, నేను మాత్రం కొత్త కోడలిగా లేనా ఒకప్పుడు?"

ఆడెలార్ ఫోనులో బతిమాలుతున్నాడు. "పోనీ మెషీనులో ఏముందో నాకు చూపించే దారి చెప్పండి."

"ఆ వివరాలు మాకోసమండీ, మీకు అర్థం కావు. పొద్దున్నే స్క్రీను మీద మీకో నవ్వు బొమ్మ వస్తుంది కదా, అది చాలు."

"ఆ బొమ్మ రోజూ నవ్వుతూనే ఉంది! అదేగా నేను చెప్పేది!"

నేను లాబ్‌స్టర్ రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. అంకెలు అర్థం కావని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మెషీనుని వంటింటి బల్ల మీదికి తెచ్చి అన్ని వైపులా తిప్పి చూశాను. పక్కన చిన్న మూత, దాని వెనక కెమెరాలో ఉండేలాంటి కార్డు! ఇలాంటి మెషీన్లు వాడేవాళ్లే తమకోసం రాసుకుని అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. తెరిచి చూస్తే రంగురంగుల గీతలు, ప్రతి రాత్రికీ ఒక పేజీ. పెళ్లిరోజు నుంచి ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

ఆనందం పట్టలేక లాప్‌టాప్‌కి ముద్దు పెట్టేశాను. అత్తయ్య తడి చేతులు తుడుచుకుని వంగి చూసింది.

"ఇది వీడి ఊపిరా? ఎంత చక్కగా ఉందే, అలల్లాగా!"

మరి క్లినిక్‌కి ఎందుకు అందలేదు? మెషీను స్క్రీను మూలన బుల్లి విమానం బొమ్మ కనపడింది. పెళ్లయిన రోజే హనీమూనుకి పోర్చుగల్ వెళ్లేటప్పుడు, విమానంలో ఎయిర్ హోస్టెస్ చెప్పిందని ఆడెలార్ బుద్ధిగా మెషీనుని సిగ్నల్ ఆపేసే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు. మేం ఎప్పుడో దిగాం, మెషీను మాత్రం ఇంకా దిగలేదు.

మర్నాడు క్లినిక్‌కి వెళ్లాం. నా లాప్‌టాప్ చూడగానే డార్లీన్ తల అడ్డంగా ఊపింది.

"బయటి ప్రోగ్రాములు మేం ఒప్పుకోమండీ."

"అయితే మీ దాంట్లోనే చూడండి," అని కార్డు చేతిలో పెట్టాను.

ఆమె స్క్రీను నిండిపోయింది. "అయ్యో, అన్నీ ఉన్నాయే!" అంది. అంతలోనే కళ్లు చికిలించింది. "రోజూ తెల్లవారకముందే ఓ గంట మాస్కు తీసేస్తున్నారు. లేచి తిరుగుతారా?"

ఆడెలార్ చెవులు ఉడికిన లాబ్‌స్టర్‌లా ఎర్రబడ్డాయి.

"లేవరు," అన్నాను నేను. "నిద్ర మాత్రం పోరు."

డార్లీన్ గొంతు సవరించుకుంది. "అది రిపోర్టులో రాయక్కర్లేదు లెండి."

రిపోర్టు డాక్టరుకి వెళ్లిపోయింది. ఇక సంతకానికి అడ్డేమీ లేదు. నేను బ్యాగు సర్దుకుని లేచాను. ఆడెలార్ కదల్లేదు.

"నాకూ ఒక కాపీ ఇవ్వండి. మొదటి పరీక్ష నుంచీ, మొత్తం."

"డాక్టరుగారిని అడగండి..."

"ఆయన ఊపిరి కాదుగా అది."

డార్లీన్ ప్రింటు తీసి ఇచ్చింది.

కారెక్కాక ఆడెలార్ తాళం తిప్పలేదు. మొదటి పేజీలోనే ఆగిపోయాడు. అది మెషీను రాకముందు చేసిన పరీక్ష. గంటకి నలభైసార్లు ఊపిరి ఆగేదట. అప్పట్లో వాళ్లు "కాస్త ఎక్కువగా ఉంది" అని మాత్రమే చెప్పారు.

"మిరేయ్, ఆ రోజుల్లో కూడా పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను."

చెయ్యి పట్టుకుని, నిన్నటి రాత్రి పేజీ తీసి చూపించాను.

"ఇప్పుడు గంటకి ఒకటే."

"ఈ నీలం గీత నేనేనా?"

"నువ్వే."

వేలితో గీత వెంబడి మెల్లగా పేజీ చివరిదాకా వెళ్లాడు. తర్వాత ఆ ముందు రాత్రి పేజీ అడిగాడు.