అమ్మ చెప్పిన జబ్బు

దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్లకు కరువు లేదు. మెట్రో దిగితే చాలు, పంటికొకరు, కంటికొకరు, మోకాలి చిప్పకొకరు. నాకు మాత్రం ఒక్కరు దొరకడానికి ఏళ్లు పట్టింది. "అందరూ అనుకుంటున్నట్టు నేను మగవాణ్ణి కాదండీ, ఆడపిల్లని" అని మొదటి డాక్టరుకు చెబితే, పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయన్నాడు. రెండో ఆయన తలుపు తీసి కాంపౌండర్‌ను లోపలికి పిలిచాడు, వింతను ఒక్కడే చూడటం ఇష్టం లేనట్టు. బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో హాలు నిండా పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేను. మాట్లాడటం రాక కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురు చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

చివరికి ఒక మానసిక వైద్యురాలు నేను చెప్పిందంతా విని, ఎల్బీ నగర్‌లో హార్మోన్ల డాక్టర్ ఉదయలక్ష్మి దగ్గరికి పంపింది.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగిందావిడ.

ఇంట్లో నేను గౌతమ్‌ని. అద్దం ముందు తప్ప ఎక్కడా పలకని పేరు మొదటిసారి ఇంకొకరికి చెప్పాను. సింధూర. ఆవిడ రాసుకుంది. రక్తపరీక్షలు రాసిచ్చి, రిపోర్టులు బాగుంటే వచ్చేసారి మందు మొదలుపెడదామంది. అంతే. అంత మామూలుగా జరిగిపోతుందని నాకు తెలియదు. మెట్లు దిగుతూ ఏడ్చాను.

చిక్కు ఆ ఆసుపత్రి హాల్లోనే ఉంది. హార్మోన్ల డాక్టరంటే జనానికి షుగర్ డాక్టరే. కూర్చున్నవాళ్లంతా షుగర్ వాళ్లే, వాళ్లలో మా పైవాటా స్వరూపరాణి ఆంటీ ఒకావిడ. నాకంటే ముందే ఇల్లు చేరి అమ్మకు చెప్పేసింది.

"అక్కా, మీ గౌతమ్‌కు షుగర్ ఒచ్చిందా ఏంది? గింత చిన్న వయసుల! జర మంచిగ చూస్కోండ్రి."

మా అమ్మ కోటేశ్వరమ్మకు షుగర్ పేరు వింటేనే వణుకు. మా నాన్నను అదే తినేసింది. ముందు బొటనవేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా, ఆ తర్వాత మనిషినే. చివరిదాకా ఆ కట్లు మార్చింది అమ్మే. నేను ఇంట్లో అడుగుపెట్టగానే నన్ను కూర్చోబెట్టి, నా పాదాలు ఒళ్లోకి లాక్కుని, వేళ్ల సందుల్లో పుండ్లున్నాయేమోనని వెతికింది.

"ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావురా నాన్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర నిజమైన జవాబుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ. అది చెప్పలేక, ఈమధ్యే తెలిసిందని గొణిగాను.

ఇక మొదలైంది. పొద్దున్నే కాకరకాయ రసం, రాత్రికి జొన్నరొట్టె. పంచదార డబ్బా అటకెక్కింది. నాకు తోడుగా తనూ తీపి మానేసింది. నాకు చూసిన గుంటూరు సంబంధం వాళ్లకు ఏదో వంక చెప్పి వాయిదా వేసింది. ఆ ఒక్కదానికి మాత్రం షుగరుకు దణ్ణం పెట్టుకున్నాను. రోజూ నా పాదాలు చూసేది. లేని జబ్బుకే ఇంత కుమిలిపోయే మనిషికి ఉన్న నిజం ఎలా చెప్పను?

రిపోర్టులు చూపించే రోజు తనూ బయల్దేరింది. వద్దంటే వినలేదు.

"మీ నాన్నను ఏనాడైనా ఒంటరిగా పంపానా?" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ లోపల గొడవ చేస్తే? దొరక్క దొరికిన ఆ ఒక్క డాక్టరూ ఈ తలనొప్పి నాకెందుకని పంపించేస్తే? మళ్లీ ఇంకో కొత్త గదిలో మొదటి నుంచి చెప్పుకునే ఓపిక నాకు లేదు. మెట్రోలో దారి పొడుగునా భయంతో చచ్చాను.

మా ఇళ్లలో రోగి డాక్టరుతో మాట్లాడడు, తోడు వచ్చినవాళ్లే మాట్లాడతారు. కుర్చీలో కూర్చుంటూనే అమ్మ అందుకుంది.

"మావాడికి షుగరండీ. వాళ్ల నాన్నగారికీ అదే. కాళ్లు రోజూ చూస్తున్నాను, పుండ్లేం లేవు. అన్నం మానిపించాను. ఇన్సులిన్ దాకా రానివ్వకండి డాక్టరుగారూ, మీకు పుణ్యముంటుంది."

డాక్టర్ నా వైపు చూసింది.

"అమ్మా, పేషెంటుతో కాసేపు విడిగా మాట్లాడాలి. మీరు బయట కూర్చుంటారా?"

"అంత ముదిరిందా?" అంటూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

డాక్టర్ నాకు దారి చూపించింది. అమ్మ బయటికి వెళితే మందు తీసుకుని, షుగరు మందేనని ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చు. అమ్మ లేచింది కూడా. కానీ బయట కూర్చుని నాన్న కాలే తలుచుకుంటుంది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"కూర్చో అమ్మా. నాకు షుగర్ లేదు."

పాఠం చెప్పినట్టు చెబుదామనుకున్నాను. ముక్కలు ముక్కలుగా వచ్చింది. చిన్నప్పుడు జడ వెయ్యమని ఏడిస్తే తిరుపతి మొక్కంటూ గుండు చేయించావు, గుర్తుందా అన్నాను. నేను కొడుకును కాదు, కూతుర్నన్నాను. సింధూర అనే పేరు చెప్పాను. ఈవిడ ఇవ్వబోయే మందు దానికేనన్నాను. అమ్మ డాక్టర్ వైపు తిరిగింది, అబద్ధమని ఆవిడైనా అంటుందేమోనని.

"మీ బిడ్డ చెప్పింది నిజమేనమ్మా. రిపోర్టులు బాగున్నాయి. ఒంట్లో ఏమేం మారతాయో, ఏవి మళ్లీ వెనక్కి రావో మీ ముందే చెబుతాను. నెలనెలా నేను చూస్తుంటాను."

అంతా వివరంగా చెప్పింది. నాన్నకు బాగాలేనప్పుడు డాక్టర్లను ప్రశ్నలతో తినేసిన మా అమ్మ, నాకంటే ముందే లేచి బయటికి నడిచింది. నేను మందులు కొనుక్కుని కిందికి దిగాక, బస్సుల రొదలో నా వైపు తిరిగింది.

"షుగరే అయితే బాగుండేదిరా."

నాన్నను మింగిన జబ్బే నయమట. ఆవిడను అక్కడే వదిలేసి వెళ్లిపోదామన్నంత కోపం వచ్చింది. కానీ రోడ్డు దాటలేక నిలబడిపోయింది. చెయ్యి పట్టుకుని దాటించి, టీ బండి దగ్గర కూర్చోబెట్టాను.

కర్మకొద్దీ అక్కడే ఎదురైంది స్వరూపరాణి ఆంటీ.

"ఏమన్నదక్కా డాక్టరమ్మ?"

మందుల కవరును గట్టిగా పట్టుకున్నాను. అమ్మ నా ముఖం చూసింది, కవరు చూసింది.

"షుగరే," అంది. "జీవితాంతం మందులు వాడాలట. నెలనెలా రావాలి. నేనే తీసుకొస్తా."

నిజం చెప్పి గంట కాలేదు, దాని మీద మూత పెట్టేసింది. ఒళ్లు మండింది. అయినా "నేనే తీసుకొస్తా" అన్న మాట దగ్గర నా కళ్లు నిండిపోయాయి.

"చక్కెర ఎయ్యాల్నా అమ్మా?" అన్నాడు టీ బండి జంగయ్య.

ఆంటీ ఇంకా వెళ్లలేదు. అమ్మ నా చేతిలోని కవరు తీసుకుని తన సంచి అడుగున దాచింది.

"వద్దు," అంది. "ఇద్దరికీ వద్దు."

ఆ చప్పటి టీ ఇద్దరం చివరిదాకా తాగాం.