రెండు బిట్లూ కలిపి చదవాలి

పాపకు పాలిస్తూ, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. ఆఫీసులో నా పక్క సీటు జూనియర్ పిల్ల.

"అక్కా, ఆస్పత్రిలో మన కంపెనీ ఇంక్యుబేటర్‌లో ఉన్న పసిబిడ్డకి ఒంట్లో వేడి బాగా పడిపోయిందట. మన సాఫ్ట్‌వేర్ నడిపే తెర మీద మాత్రం 'చిన్న హెచ్చరిక' అనే వచ్చింది. నర్సు చూసుకుంది కాబట్టి సరిపోయింది."

"మెషిన్ ఏం పంపిందో చదువు."

చదివింది. చివర 11 ఉంది. ఆ మెషిన్ తన పరిస్థితినంతా ఎనిమిది బిట్లలో, అంటే ఎనిమిది సున్నా-ఒకట్లలో సర్ది, వైరు గుండా పంపుతుంది. చివరి రెండూ కలిపితేనే హెచ్చరిక స్థాయి తెలుస్తుంది. 01 అయితే చిన్నది, 11 అయితే ప్రాణాపాయం. కోడ్ కూడా చదివిస్తే తెలిసింది, నేను కాన్పు సెలవు పెట్టాక ఎవరో దాన్ని కుదించి, చిట్టచివరి బిట్ ఒక్కటే చూసేలా మార్చారు. రెండింట్లోనూ అది ఒకటే మరి!

టీమ్ లీడర్‌కి ఫోన్ చేసి, తప్పు కోడ్‌లో ఉందని చెప్పాను.

"అవన్నీ ఇప్పుడు నీకెందుకమ్మా? సెన్సర్ మార్పిస్తున్నాంలే. నువ్వు హాయిగా రెస్ట్ తీసుకో" అని పెట్టేశాడు.

రెస్ట్! తీరిగ్గా తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అని మా ఆయన అన్న ఒక్క మాటతో బట్టలూ, గ్యాసూ, కుళాయి బాగుచేసేవాడి కోసం ఎదురుచూపులూ అన్నీ నా నెత్తినే పడ్డాయి. ఇప్పుడూ లాప్‌టాప్ లోంచి తలెత్తకుండానే, "నీ బుర్ర ఇంకా అక్కడే ఉంటే పాపనెవరు చూస్తారు?" అన్నాడు. బుర్ర అక్కడే ఉంది, నిజమే. పాప వెచ్చటి అరికాలు నా చేతిలో ఉంది. అక్కడ ఇంకో అరికాలు చల్లబడుతుంటే తెర ఏమీ కానట్టు చెబుతోంది.

బట్టలు మడతపెడుతున్న అత్తయ్య లేచి వచ్చింది.

"పిల్లనిలా ఇవ్వు. ఆ పెట్టెలో ఉన్నదీ ఒక తల్లి కన్నదేగా. వెళ్లిరా."

సీసాలో పాలు తీసిపెట్టి బయల్దేరాను.

ఆఫీసులో పరీక్షల కోసం టేబుల్ మీద పెట్టిన మెషిన్ నుంచి 11 పంపించాను. తెర మీద 'చిన్న హెచ్చరిక'. టీమ్ లీడర్ వంగి తెర చూశాడు. "సరేమ్మా, మనవాళ్లతో సరిచేయిస్తాను" అన్నాడు.

"నేనే చేస్తాను సర్."

నా కుర్చీలో ఎవరో పెట్టిన అట్టపెట్టెలు కిందకి దించి కూర్చుని, రెండు బిట్లూ చదివేలా కోడ్ సరిచేశాను. ఈసారి 11 పంపగానే తెరంతా ఎర్రబడి బజర్ మోగింది. జూనియర్ పిల్ల కళ్లు తుడుచుకుంది. ఆస్పత్రులన్నిటికీ కొత్త కోడ్ పంపే పనిలో ఉండగా మా ఆయన ఫోన్.

"పాప ఏడుస్తోంది. అమ్మ స్నానానికెళ్లింది. నువ్వెప్పుడొస్తావ్?"

"ఎత్తుకో" అన్నాను.