పాట లేని చీమలు

మరిది ఆట రాశాడు. రాసినంత మాత్రాన ఆట నలుగురి కంప్యూటర్లలోకీ నడిచి వెళ్లదని అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ నడిపించే పని వదినది. ఆవిడ ఉద్యోగం ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో. సెలవురోజుల్లో మాత్రం వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, మేడమీద వాటాలో ఉండే మరిది, కోడ్‌తో సహా ఉచితంగా లోకానికి వదిలిన చీమల ఆటను ఒక్కో రకం లినక్స్‌కు ఒక్కో రకంగా ప్యాకేజీ చేసి మూట కట్టేది.

విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అంటే ఒకటా రెండా. ఒక్కోదానిదీ ఒక్కో అత్తగారి పట్టింపు. డెబియన్‌ది ఒక తీరు, ఫెడోరాది ఇంకో తీరు, ఆర్చ్ దారి ఆర్చ్‌ది. ఆటకు ఏయే సరంజామా కావాలో పేరుపేరునా చెప్పాలి. ఏ ఫైలు ఎక్కడ ఉండాలో చెప్పాలి. అందులోని ప్రతి బొమ్మా, ప్రతి శబ్దమూ ఎవరివో, పంచిపెట్టడానికి వాళ్లు ఒప్పుకున్నారో లేదో కూడా చెప్పాలి.

"ఇది కూలిపని వదినా," అనేవాడు మరిది, ఆవిడ ఇచ్చిన టీ తాగుతూనే.

వదిన మారు పలికేది కాదు. జవాబు ఇవ్వడానికైనా ఎదుటివాడికి ఓ స్థాయి ఉండాలిగా అని ఆవిడ ఉద్దేశం.

ఆటకు కొత్త విడత వచ్చింది. ఈసారి అందులో ఒక వయొలిన్ పాట ఉంది. చీమ ఒకటి నీళ్లలో పడి చస్తే మిగతావన్నీ ఆగిపోతాయి. అప్పుడు సన్నగా మొదలవుతుంది. ఆట మొత్తానికీ అదొక్కటే బాగుందనిపించింది వదినకు. అందుకే అనుమానమూ వచ్చింది.

"ఈ పాట ఎవరిది?"

"ఇంటర్నెట్‌లో దొరికింది."

"దొరకడానికి అదేమన్నా బస్సులో మరిచిపోయిన గొడుగా? ఎవరో ఒకరు కట్టి ఉంటారుగా."

"ఎవరో టీచరమ్మ. మనం ఊరికే ఇచ్చే ఆటే కదా, ఎవరడుగుతారు?"

"నేనడుగుతున్నాను."

అడగడమే కాదు, ఆ వయొలిన్ టీచరును వెతికి పట్టుకుని తనే ఫోన్ చేసింది. ఆవిడ ఉండేది నాలుగు వీధుల అవతలే. వదిన చెప్పిందంతా విన్నది.

"మా కుక్క పోయినప్పుడు కట్టుకున్న పాటమ్మా అది," అంది చివరికి. "పిల్లలు నేర్చుకుంటారని ఇంటర్నెట్‌లో పెట్టాను. ఇప్పుడు దానిమీద చీమలు నడుస్తున్నాయా?"

ఇవ్వనంది. ఫోన్ పెట్టేసింది.

మరిదికి చెబితే నవ్వాడు. తీసే ప్రసక్తే లేదన్నాడు. వదిన వాదనకు దిగకుండా తన మూటల్లోంచి పాటను పీకేసింది. ఆట మూగగా జనంలోకి వెళ్లింది. మరిది ముందే చాటిన పాట ఏమైందని ఆడేవాళ్లు అడగడం మొదలుపెట్టారు. మరిది ఆట పేజీలో జవాబు రాశాడు: మూటలు కట్టేవాళ్లు నా సృష్టిని పాడుచేస్తున్నారు, అసలు ఆట కావాలంటే నా దగ్గరే తీసుకోండి, అన్ని లినక్స్‌లకూ ఒకే ఫైలు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ ఒకే ఫైలు అతని కంప్యూటర్ లాంటి వాటిలో తప్ప ఎక్కడా తెరుచుకోలేదు. తన ఇంట్లో ఉన్న సరంజామా లోకంలో అందరి ఇళ్లలోనూ ఉంటుందనుకున్నాడు మహానుభావుడు. దాంతో నడిచే ఆటకు పాట లేదు, పాట ఉన్న ఆట నడవదు.

భోజనాల దగ్గర వదిన భర్త నసిగాడు. "మీ గొడవేంటో నాకర్థం కాదుగానీ, కాస్త సర్దుకోవచ్చుగా."

"సర్దడమే కదండీ నేను చేసేది. సర్దింది విప్పేది మీ తమ్ముడు."

"మీరు సరిగ్గా అడిగుండరు వదినా," అన్నాడు మరిది. "ఆట చూస్తే ఆవిడే ఒప్పుకుంటుంది."

"అయితే పద. నువ్వే అడుగుదువుగాని."

టీచరు గదిలో రెండు కుర్చీలు, గోడకు తీగలు తెగిన వయొలిన్లు, మూలన పాత కంప్యూటరు. అందులోనూ లినక్సే, ఎవరో శిష్యుడు ఎక్కించి ఇచ్చాడట. మరిది తన ఫైలు నొక్కాడు. ఏదో మెరిసి మాయమైంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

"మీ కంప్యూటర్ పాతదండీ," అన్నాడు.

"పాతదే. రోజూ పనిచేస్తోంది మరి," అంది టీచరు.

గోడకానుకుని చూస్తున్న వదిన ముందుకొచ్చి అతన్ని పక్కకు జరగమంది. తన మూట ఎక్కించింది. ఆట తెరుచుకుంది. టీచరు కళ్లజోడు పెట్టుకుని చీమల్ని నడిపించసాగింది. కాసేపటికి ఒకటి నీళ్లలో పడింది. మిగతావన్నీ నిలబడిపోయాయి. టీచరు చెయ్యి కూడా ఆగింది.

"ఇదిగో, ఇక్కడేనండీ మీ పాట వచ్చేది," అన్నాడు మరిది, ఇదే అదనని. "వింటే ఎవరికైనా కన్నీళ్లు ఆగవు."

"ఇలాగే బాగుంది బాబూ," అంది ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా. "చీమలు చప్పుడు చెయ్యవు."

బయటికొచ్చి ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. ఆ తర్వాత, "ముసలావిడకి ఆటల గురించి ఏం తెలుసు," అన్నాడు మరిది. వదిన అతనికేసి చూసింది. ఇన్నాళ్లూ కోపమన్నా ఉండేది. ఇప్పుడు అదీ దండగ అనిపించింది.

"పాట ఇవాళే తీసెయ్," అంది అంతే.

తీశాడు. తీసి, పేజీలో కొత్త ప్రకటన పెట్టాడు: ఎంతో మథనం తర్వాత నేను గ్రహించినదేమిటంటే, ఈ ఆటకు నిశ్శబ్దమే ప్రాణం, చీమలు చప్పుడు చెయ్యవు. కింద మెచ్చుకోళ్లు వరదలా వచ్చాయి. ఎంత లోతైన ఆలోచన అన్నారు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పుకున్నాడు. టీచరు ఊసు లేదు.

వదిన అది చదివి, ఒక్కో లినక్స్ వాళ్లకూ కబురు పెట్టింది, ఇకనుంచి ఈ ఆట బాధ్యత నాది కాదని. చూసుకునే దిక్కులేని అలాంటి మూటను ఆ లోకంలో అనాథ అంటారు. కన్నవాడు మేడమీద ధన్యవాదాలు చెప్పుకుంటూనే ఉన్నాడు.

రెండు వారాలకు కొత్త విడత సిద్ధమైంది. మరిది మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మూట కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి వదినా?"

"నియమాలన్నీ రాసే ఉన్నాయి. చదువుకో," అంది వదిన. చెప్పులు తొడుక్కుని నడకకు వెళ్లిపోయింది.