పొయ్యెక్కని సూపు

శకుంతల మళ్లీ గడప దాకా వచ్చి వీధిలోకి తొంగిచూసింది. పడుగు ఇంకా సగం కూడా తడవలేదు.

కాశిబుగ్గ నేతగాళ్ల వాడను మంచు పొగలా కమ్ముకుంది. వీధి పొడవునా కర్రల మీద చాచి కట్టిన ఆ పడుగు నూలుకు ఆ కొసన మామ మొండయ్య, ఈ కొసన భర్త వెంకటరాజం పెద్ద కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. అత్త శ్యామలమ్మ మోచేతుల దాకా గంజి పూసుకుని తెగిన పోగులు అతుకుతోంది. గంజి ఆరేలోగా దువ్వకపోతే పోగులన్నీ అంటుకుపోతాయి. మొదలుపెట్టాక ఎవరూ మధ్యలో కదలరు. ఆ ఇంట్లో ఈ సంగతి తెలియనిది పెళ్లయి నెల తిరగని కోడలికే.

నిన్న కోడలి పచ్చి సూపు మాట విని, పాలకూర ఏరుతూ అత్త పకపకా నవ్వింది. "చలికాలంల పచ్చి కూరలు తాగుడేందే? మనమేమన్న మేకలమా?"

"మా హాస్టల్ టీచరమ్మ నేర్పింది అత్తమ్మా. ఒక్కసారి తాగి చూడండి."

"సరే, ఒక్క గుటక మింగుత. మంచిగుంటే ఇగ పొయ్యి నీది. లేకుంటే ఉగాది దాంక కూరగాయలు తరుగుకుంట కూసో."

అప్పటి నుంచి శకుంతల కాలు నేల మీద నిలవడం లేదు. తెల్లవారగానే పాలకూర, టమాటాలు, లేత దోసకాయ, కొత్తిమీర, అల్లం, నానిన పల్లీలు రోట్లో వేసింది. పచ్చి వాసన గుప్పున లేచేసరికి ఎవరూ చూడటం లేదు కదా అని పొత్రంతో పాటు తనూ ఊగింది. ఉప్పు, మిరియాల పొడి చల్లి, వేలు పెడితే కాలనంత వేడి నీళ్లు కలిపింది. చెంబు నిండా ఆకుపచ్చని నురగ! ముచ్చటేసి కాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు ఆ నురగ అణిగిపోతోంది. చెంబు చల్లబడుతోంది. పొయ్యి మీద పెడితే అది పచ్చి సూపు కాదు, ఉత్త పాలకూర చారు. కొంగులో చుట్టి పొట్టకు హత్తుకుంది. వంటింటి నుంచి గడపకు, గడప నుంచి వంటింటికి తిరిగింది. చెంబు మీద వేలు ఆనించి చూసింది. ఇంకాసేపైతే చన్నీళ్లే.

వాళ్లు రాలేకపోతే తనే వెళ్లాలి. తల మీద కొంగు లాక్కుని వీధిలోకి అడుగుపెట్టింది.

"ఓ శ్యామలా, నీ కోడలు పచ్చ గంజి తెస్తాంది!" ఎదురింటి చిలుకమ్మ అరిచింది. "చీరె మీద చిలుకలు నేస్తరా ఏంది?"

"అత్తమ్మా, చల్లారిపోతోంది."

"నా చేతులు జూడు పిల్లా, ఎట్ల పట్టుకోవాలె?"

"నోరు తెరవండి, నేను పోస్తాను."

శ్యామలమ్మ ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసి, తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. శకుంతల చెంబు ఎత్తి సన్నటి ధారగా పోసింది. ఒక గుటక. అత్త కళ్లు మూసుకుంది. తెరిచిన నోరు మూయలేదు. మరో గుటక. ఇంకోటి.

"మిరియం గొంతుల మంచిగ కొడుతాంది," అంది శ్యామలమ్మ మూతి భుజానికి తుడుచుకుంటూ. "ఇగ నా కొడుక్కు గూడ పొయ్. వాని చేతులు మాత్రం ఖాళీగున్నయా?"

వీధి వీధంతా చూస్తుండగా! శకుంతల చెవులు వేడెక్కాయి. వెంకటరాజం బుద్ధిమంతుడిలా నోరు తెరిచాడు కానీ కళ్లు మాత్రం ఆమె మీదే ఉన్నాయి. ధార పక్కకు తప్పింది. సగం నోట్లో, సగం మీసం మీద. ఏం చేస్తున్నదో తెలిసేలోపే ఆమె కొంగుతో ఆ మీసం తుడిచేసింది.

చిలుకమ్మ చప్పట్లు కొట్టింది. మొండయ్య దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

"కుంచె ఆగింది రాజం! గంజి ఆరుతాంది!" శ్యామలమ్మ కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు ఉరుకు పిల్లా. చెంబుల మిగిలింది మీ మామకు పొయ్. రేపు పొద్దుగాల పొయ్యి నువ్వే ముట్టియ్యాలె," అంది.