మీసం అంటుకునేదాకా

ఒకప్పటి టీవీ హాస్య కార్యక్రమంలో స్కిట్ల మధ్య వచ్చిన పాటలన్నిటినీ ఛానెల్‌వాళ్లు మళ్లీ బయటికి తీశారు. అందులో తన పాటను మనవరాలి ఫోన్లో చూస్తూ అమ్మమ్మ కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

సంగీత కళాశాలలో చదివే మనవరాలు పరీక్షలో పాడాల్సింది ఆ పాటే. "చివరి చరణం మూడుసార్లు పాడావు కదా అమ్మమ్మా. భావం లోతుల్లోకి వెళ్లడానికని మా మాస్టారు చెప్పారు."

"మీ మాస్టారి మొహం. తర్వాతి స్కిట్లో వేషగాడికి మీసం అంటుకోలేదు. ఎదురుగా నిండా జనం. ఇంకా లాగమని మేనేజరు పక్కనుంచి చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. మీసం అంటుకునేదాకా పాడటమే నా ఉద్యోగం."

మనవరాలి మొహం చిన్నబోయింది. ఆ మూడింటికీ తేడా పట్టుకోవాలని నెల రోజులుగా గొంతు అరగదీసుకుంటోంది మరి. "అయితే పరీక్షలో ఒక్కసారే పాడేస్తాను."

"తోలు తీస్తాను" అంది అమ్మమ్మ. ఫోన్ లాక్కుని పాటను వెనక్కి జరిపింది. "విను. మొదటిసారి కాగితంలో ఉన్నది పాడాను. రెండోసారి ఆ వేషగాణ్ణి తిట్టుకుంటూ పాడాను. మూడోసారికి నాకు వాడూ గుర్తులేడు, మీసమూ గుర్తులేదు. ఇదిగో, ఇక్కణ్ణుంచి పాట నాది."