వట్టివేళ్ల తడక

రోహిణికార్తెకి రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు వెల్దుర్తి దారిలో మనుషులే పగిలేట్టున్నారు. ఆరోగ్యమ్మ నెత్తిన నీళ్లబిందెతో ఇంటికి పోతోంది. ఊరవతల ఉండే ఆమె పల్లె వాళ్లు ఊరిబావి ముట్టుకోకూడదు. ఎవరికో ఒకరికి జాలి పుట్టి తోడిపోసేదాకా పొద్దుటి నుంచి దూరంగా నిలబడి తెచ్చుకున్న నీళ్లవి. ఇంట్లో కోడలు ఎస్తేరు పచ్చి బాలింత, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. తడిగుడ్డ ఆరనివ్వొద్దని ఆసుపత్రి నర్సమ్మ మరీ మరీ చెప్పి పోయింది.

వెనక నుంచి త్రికోటేశ్వరరావు పాత బేబీ కారు వచ్చి ఆగింది. ఆయన దగ్గరే ఆరోగ్యమ్మ కొడుకు పాలేరు. మొగుడూ పెళ్లాలు తలకి పోసుకుని కోటప్పకొండ మొక్కుకి బయల్దేరారు. కారు కిటికీకి బయట వట్టివేళ్ల తడక కట్టి ఉంది. తడిపితే లోపలికి చల్లగాలి కొడుతుంది. ఇప్పుడది ఎండి గలగలమంటోంది.

"ఏమే, ఆ నీళ్లు దీని మీద పొయ్యి," అన్నాడు.

"బాలింతకయ్యా. జరమొచ్చి పడుంది."

"ఇంకో బిందె తెచ్చుకో పో. రేపు నీ కొడుకు పన్లోకి రావాలా వద్దా?"

కడుపు మండిపోతున్నా పోసింది. లోపల ఆయన భార్య సుబ్బరత్నమ్మ ముక్కు చిట్లించింది. "వాళ్ల నీళ్లండీ!"

"తాగేందుకు కాదుగా. గాలికి మైలేంది?"

ఏం శాస్త్రమండీ! నీళ్లకంటిన మైల గాలికి అంటదట. అది రాసినవాడెవడో గానీ, తన ఒంటికి ఎండ తగలకుండా చూసుకుని మరీ రాసుకున్నాడు.

బిందె ఖాళీ అయింది. కారులో నిండు కూజా కనపడింది.

"ఓ గ్లాసెడన్నా పొయ్యండమ్మా, పిల్ల నోరు తడపాల."

"కూజా మైలపడదూ?" అంది సుబ్బరత్నమ్మ.

ఇక ఆరోగ్యమ్మకి ఒళ్లు తెలియలేదు. తాళ్లు పుటుక్కున తెంపి, నీళ్లోడుతున్న తడకని నెత్తికెత్తుకుంది.

"ఒసేయ్!" ఆయన కారు దిగి, గుంజుకోబోయాడు.

"ముట్టుకోండయ్యా," అంది ఆమె, అడుగు కదపకుండా. "ముట్టుకుని గుంజుకోండి."

"అంటుకోమాకండి! మొక్కుకి పోతన్నాం!" అని అరిచింది సుబ్బరత్నమ్మ.

చాచిన చెయ్యి చాచినట్టే ఆగింది.

"నీ కొడుకు ఇంక నా గడప తొక్కగూడదు!"

"తొక్కడు లేయ్యా."

ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా నడిచింది.

ఇంటికి రాగానే తడకని గుమ్మానికి వేలాడదీసింది. వేళ్లు పిండి, కారిన నీళ్లతో గుడ్డ తడిపి కోడలి నుదుటి మీద వేసింది. వడగాలి తడకలోంచి చల్లబడి లోపలికొచ్చింది. ఎస్తేరు కళ్లు తెరిచింది.

"అత్తా, ఏందీ మంచి వాసన?"

"మన నీళ్లేనమ్మా," అంది ఆరోగ్యమ్మ.