మా పిల్ల మొద్దు

టీచరమ్మ పాయ గట్టు దిగి తమ ఇంటి దారి పట్టడం చూసి మిండా ఆల్చిప్పలు విప్పే కత్తి పక్కన పెట్టింది. మిస్ లోవెట్ ఉత్తరాది నుంచి ఈ ద్వీపానికి వచ్చి ఏళ్లు గడిచినా ఆవిడకి బురదలో నడక ఇంకా అలవాటు కాలేదు. గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని కొంగలా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. ఇన్నాళ్లూ ద్వీపం అవతలి కొసన బడి నడిపింది, ఇటు రావడం ఇదే మొదలు. మంచి మనిషని అందరూ అంటారు. అయినా తెల్లావిడ ఎవరైనా గుమ్మంలోకి వస్తే మిండా కళ్లు ముందు పిల్ల ఎక్కడుందో వెతుకుతాయి.

పక్కింటి అరుగు మీద టీరా పెద్దమ్మ గడ్డి బుట్ట అల్లుకుంటోంది. "మా ఇంటికి వచ్చే వెళ్లిందే. మనవళ్లకి కుడేదో ఎడమేదో తెలీదని చెప్పి పంపా" అంది, మిండాకి మాత్రమే వినపడేలా.

టీచరమ్మ వచ్చి, ఇచ్చిన పీట మీద కూర్చుని, మంచినీళ్లు తాగింది. "సోమవారం నుంచి పాయ అవతల చర్చిలో పెద్ద తరగతి మొదలుపెడుతున్నాం మిండా. అక్షరాలు వచ్చిన పిల్లలకి. చోటు కొంచెమే ఉంది కాబట్టి చూసి తీసుకోవాలి. మీ ఎఫీకి చదువంటే ఇష్టమని విన్నాను. ఎలాంటిది పిల్ల?"

ఇక మిండా నోటిని పట్టేవాళ్లు లేకపోయారు.

"మా పిల్లా? దాని సంగతి అడక్కండి అమ్మగారూ. ఉత్త మొద్దు. ఇప్పుడు చెప్పింది ఇప్పుడే మర్చిపోద్ది. బెండకాయలు కోసుకురావే అంటే ఖాళీ బుట్ట ఊపుకుంటూ వస్తది. పైగా దగ్గొకటి. మెడ కూడా నిలబడదు, ఎప్పుడు చూసినా తల కిందకి వేలాడేసుకుని పడుంటది. మీ బెంచీ దండగ."

ఎఫీ అక్కడే ఉంది. అప్పుడే దొడ్లోంచి వచ్చి, నిండుగా బెండకాయలున్న బుట్ట నడుం మీద పెట్టుకుని నిలబడింది. టీచరమ్మ ఆ బుట్టని చూసింది, పిల్ల మెడని చూసింది, తల్లి మొహం చూసింది. "సరే, నీ బిడ్డ సంగతి నాకంటే నీకే తెలుసు. పోనీ, వచ్చే ఏడాది చూద్దాం" అని లేచింది. మిండా ఆవిడకి విప్పిన ఆల్చిప్పల మాంసం దొన్నె నిండా పెట్టి, గట్టు దాకా సాగనంపి వచ్చింది. ప్రాణం హాయిగా ఉంది.

"మెడ సంగతి భలే తట్టిందే నీకు. నాకు తట్టలేదు" అంది టీరా పెద్దమ్మ మెచ్చుకోలుగా.

ఆ ద్వీపంలో తల్లులందరిదీ అదే తీరు. దిష్టికి భయపడి కాదు, బేరానికి భయపడి. వాళ్లంతా బానిసలుగా ఉన్న రోజుల్లో తెల్లవాళ్ల ముందు పిల్ల చురుకైనదని ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల ధర పెరిగేది. ధర పెరిగిన పిల్ల తల్లి పక్కన పడుకునేది కాదు. అందుకే దొర ఇంటికి అతిథులు వచ్చినప్పుడల్లా మిండా వాళ్లమ్మ కూతురి చెంప గిల్లి, "నోరు తెరుచుకుని నిలబడు" అనేది. వాళ్లు వెళ్లిపోయాక తల్లీకూతుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని పడీ పడీ నవ్వుకునేవాళ్లు. మిండా అలా తల్లి దగ్గరే పెరిగి పెద్దదయింది, తల్లి చేతుల మీదుగానే పెళ్లి చేసుకుంది. వెర్రిబాగులదనే పేరే ఆమెని కాపాడింది.

అన్నీ తెలిసిన మిండాయే ఒకసారి నోరు జారింది. దొరసాని చెల్లెలు సవానా నగరం నుంచి చుట్టపుచూపుగా వచ్చి, దిండు గలీబు మీద కుట్టు చూసి ముచ్చటపడి, ఇది ఎవరు కుట్టారని అడిగింది. "మా పెద్దమ్మాయి కంబా, అమ్మగారూ. దానికి కొలబద్ద కూడా అక్కర్లేదు, కంటితోనే కొలుస్తది" అంది మిండా, కన్న సంతోషం దాచుకోలేక. ఆ చెల్లెలు తిరిగి వెళ్లిన పడవలోనే కంబా కూడా వెళ్లింది. అక్క చెల్లెలికి ఇచ్చిన కానుక అది. బానిసలకి విడుదల తెచ్చిన యుద్ధం అయ్యాక మిండా మొగుడు బ్రామ్ సవానా దాకా వెళ్లి కూతురి కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు, ఎవరికీ ఏమీ తెలియదు. అప్పటినుంచి ఆ పేరు మొగుడూ పెళ్లాల మధ్య కూడా రాలేదు.

ఎఫీ పుట్టింది ఫిరంగులు మోగి దొరలు పడవలెక్కి పారిపోయిన ఏడు. అమ్మకాలూ కొనుగోళ్లూ దానికి తెలియవు. ఇల్లు వాళ్లది, ఇంటి చుట్టూ ఉన్న చిలగడదుంప చేను వాళ్లది, చేను చివరనున్న పడవ వాళ్లది. నవ్వుకోవాల్సిన వేషం ఇదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని కూడా మిండాకి తోచలేదు.

ఎఫీ తల వేలాడేసుకోవడం మాత్రం అబద్ధం కాదు. చలిగాలి రాకుండా మిండా గోడలకి పాత వార్తాపత్రికలు అంటించింది. ఆమెకి చదువు రాదు, బ్రామ్‌కీ రాదు, సగం కాగితాలు తలకిందులుగా అంటుకున్నాయి. ఆదివారాల్లో ఊరి ప్రార్థన ఇంట్లో సంఘ పెద్ద దగ్గర అక్షరాలు నేర్చుకున్న ఎఫీ, మంచం అంచు మీంచి తల కిందకి వేలాడేసి ఆ గోడలన్నీ చదివేసింది. పొయ్యి పక్క గోడ మీద ఎవరో దొంగ పారిపోయిన కథ సగంలో ఆగిపోయిందని అలిగింది కూడా. మిగతా సగం వేడి గంజి చింది, నాని చిరిగిపోయింది.

టీచరమ్మ వచ్చి వెళ్లాక ఎఫీ గోడ జోలికి పోలేదు. మొదట మిండా గమనించలేదు. పిల్ల అలిగిందేమో అనుకుంది. అలిగితే అన్నం మానేస్తుంది కదా, ఇది బుద్ధిగా తింటోంది. చెప్పిన పని చేస్తోంది, చెప్పనిది చెయ్యడం లేదు. ఒక పొద్దున బ్రామ్ వల భుజాన వేసుకుంటూ, "పోటు ఎప్పుడొస్తుందే తల్లీ?" అని అలవాటుగా అడిగాడు. సముద్రపు ఆటుపోట్ల విషయంలో ఊరంతా ఎఫీనే అడిగేది.

"నాకేం తెలుసు నాన్నా. నేను మొద్దుని కదా" అంది ఎఫీ. కోపం లేదు, ఏడుపు లేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

బ్రామ్ వల కింద పెట్టాడు. పిల్ల నీళ్లకి వెళ్లేదాకా ఆగి పెళ్లాం వైపు తిరిగాడు. "నువ్వన్నది పిల్ల నమ్మిందే."

"నమ్మడమేంటయ్యా, విడ్డూరం కాకపోతే. మా అమ్మ నన్ను అంతకు పదింతలు అనేది. నేను నమ్మానా?"

"నీకు ఎందుకంటోందో తెలుసు. నీ పక్కన నిలబడ్డ పిల్లల్ని తోలుకుపోవడం కళ్లారా చూశావు. ఇదేం చూసిందని? వాళ్లమ్మ తెల్లావిడ ముందు నిలబడి, నా కూతురు ఎందుకూ పనికిరాదంది. అది విన్నది అంతే."

కాపాడుకుంటున్నాననుకుంటూ తన చేతులతోనే పిల్లని తొక్కేసినట్టు అప్పుడు తెలిసింది మిండాకి.

మధ్యాహ్నం పిల్లకి తల దువ్వుతూ బుజ్జగించబోయింది. "నువ్వు మొద్దువి కాదే పిచ్చిపిల్లా. ఊళ్లో నీ అంత తెలివైనదాన్ని చూపించమను."

"ఇంట్లో అయితే అందరూ అలాగే అంటారులే. టీచరమ్మ అడిగినప్పుడు నిజం చెప్పావుగా" అంది ఎఫీ.

దువ్వెన ఆగిపోయింది. ఇక ఈ పిల్ల నమ్మాలంటే ఒక్కటే దారి ఉంది. ఆ మాట ఇంట్లో కాదు, ఆవిడ ముందే, పదిమందీ వినేలా అనాలి. సోమవారం బడి మొదలైపోతుంది, ఆ తర్వాత అన్నా దానికి బెంచీ ఉండదు. మిండాకి చెయ్యాల్సింది తెలిసింది గానీ, అది తలుచుకుంటేనే సవానా పడవ కళ్ల ముందు కదిలింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల దగ్గర జనం గుమిగూడారు. టీరా పెద్దమ్మ కొత్త తలగుడ్డ కట్టుకుని నీడలో కూర్చుంది. మిండా ఎఫీ మణికట్టు పట్టుకుని మెట్ల వైపు నడిచి, సగం దారిలో ఆగిపోయింది. టీచరమ్మ పక్కన ఎవరో తెల్లాయన నిలబడి ఉన్నాడు. బడికి సాయం చేసేవాళ్ల తరఫున పట్నం నుంచి చూడ్డానికి వచ్చాడట. గడియారం గొలుసు, మెరిసే బూట్లు. ఆయన పడవ రేవులో కట్టేసి ఉంది.

"ఇవాళ వద్దులే" అంది మిండా మొగుడితో.

"సరే, నీ ఇష్టం" అన్నాడు బ్రామ్. అంతకన్నా ఏమన్నా అనుంటే ఆమె వెనక్కి తిరిగేదే. బ్రామ్ పిల్ల మొహం వైపు చూశాడు. మిండా కూడా చూసింది. ఎఫీ చర్చి తలుపులోంచి కనపడే బెంచీల వైపు చూడకుండా తన కాళ్ల బొటనవేళ్లని చూసుకుంటోంది.

మిండా మెట్లెక్కింది.

"టీచరమ్మా, ఆ రోజు మీతో అబద్ధం చెప్పా." పిల్లని ముందుకి జరిపింది. "మా పిల్ల మొద్దు కాదు. దానికి దగ్గు లేదు, ఏ రోగమూ లేదు. ఒకసారి విన్న ప్రార్థన మళ్లీ అప్పజెప్పుద్ది. పోటూ పాటూ మా ఆయనకి అదే చెప్పాలి. మా గోడల మీద కాగితాలన్నీ చదివేసింది, తలకిందులుగా అంటించినవి కూడా. అందుకే తల వేలాడేసుద్ది, మెడకేం కాలేదు." ఊపిరి తీసుకుంది. "మంచి పిల్ల. తెలివైన పిల్ల. నా పిల్ల."

టీరా పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ వయసు ఆడవాళ్లకి ఆ మాటలు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు.

పట్నం ఆయన చేతిలోని పుస్తకం ఎఫీకి అందించాడు. ఎఫీ తీసుకుని తలకిందులుగా పట్టుకుంది. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. అది పట్టించుకోకుండా గడగడా సగం పేజీ చదివి, "ఇలాగైతే నాకు తేలిక" అంది.

"చాలా చురుకైన పిల్ల" అన్నాడాయన నవ్వుతూ.

ఆ మాటకి ఎఫీ మణికట్టు మీద మిండా చెయ్యి దానంతటదే బిగుసుకుంది. "అమ్మా, నెప్పి" అని ఎఫీ అంటున్నా వదల్లేదు. ఆయన గడియారం చూసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, టీచరమ్మకి వీడ్కోలు చెప్పి రేవులోకి దిగాడు. మిండా కళ్లు ఆయన వెంటే వెళ్లాయి. పడవ కదిలింది, మలుపు తిరిగింది. అందులో ఆయనా, పడవ నడిపేవాడూ తప్ప ఎవరూ లేరు. అప్పుడు గానీ ఆమె వేళ్లు సడలలేదు.

"రేపు పొద్దున్నే పంపించు మిండా. మధ్యాహ్నానికి తినడానికి ఏదైనా కట్టివ్వు. సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తుంది" అంది టీచరమ్మ. పాపం, ఆ చివరి మాట ఎంత పెద్దదో ఆవిడకి తెలియదు.

మెట్ల కింద టీరా పెద్దమ్మ దారికి అడ్డంగా నిలబడింది. "నువ్వేనా కూతుర్ని పొగిడేది? తప్పుకో" అని మిండాని భుజంతో నెట్టి, "టీచరమ్మా, మా మనవళ్ల గురించి కూడా కాస్త మాట్లాడాలి" అంటూ మెట్లెక్కింది. ఆమె వెనక ఇంకో తల్లి, ఆ వెనక మరొకరు. పాపం టీచరమ్మకి బెంచీలు చాలవని అందరికీ అప్పుడే అర్థమైపోయింది.

తిరుగు పడవలో బ్రామ్ తెడ్డు వేస్తున్నాడు. ఎఫీ ముందు కొసన కూర్చుని నీళ్లలో చెయ్యి ఆడిస్తోంది.

"అమ్మా, ఇందాక చెప్పినవన్నీ నిజమేనా?"

"నిజమే."

"అందరి ముందూ చెప్పావు."

"అవునే. కాళ్లు ఇంకా వణుకుతున్నాయి చూడు."

ఎఫీ నిజంగానే తల్లి మోకాలి మీద చెయ్యి వేసి చూసింది. తృప్తి పడ్డట్టు తలాడించింది. మళ్లీ నీళ్లలో చెయ్యి పెట్టి, "అక్క కూడా తెలివైందా?" అని అడిగింది.

తెడ్డు ఆగింది.

"నీకో అక్క ఉందని ఎవరు చెప్పారే?"

"టీరా అవ్వ. పేరు చెప్పమంటే మాత్రం నిన్నే అడగమంది."

మిండా మొగుడి వైపు చూసింది. బ్రామ్ తెడ్డు మీద చేతులు ఉంచి, మొహం పక్కకి తిప్పుకుని, ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. ఎన్నేళ్లుగానో పెద్దకూతురి తెలివినే ఆమె తప్పుపడుతూ వచ్చింది. అంత చక్కగా కుట్టకపోయి ఉంటే, అంత చూపు లేకపోయి ఉంటే అని. పిల్ల చేసిన తప్పేముంది అందులో.

"కంబా దాని పేరు" అంది మిండా. "చాలా తెలివైందే మీ అక్క. సూదిలో దారం చీకట్లో ఎక్కించేది. నీ అంత ఉన్నప్పుడే నాన్నకి చొక్కా కుట్టింది, ఒళ్లు కొలవకుండా."

"ఆ చొక్కా చేతులు పొట్టివి" అన్నాడు బ్రామ్.

"ఏం పొట్టి? నీ చేతులే పొడుగు. దాని కుట్టుకి వంక పెట్టకు."

ఎఫీ నవ్వింది. బ్రామ్ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మిండా చెబుతూనే ఉంది. కంబా పాటలూ, కంబా పొగరూ, కంబా ఒకసారి పీతని పెంచుకుంటానని మొండికెయ్యడం, అన్నీ బిగ్గరగానే చెప్పింది, ఒడ్డున ఎవరు విన్నా వినని. సముద్రంలోకి తీసే పాటు నీళ్లు పడవని మెల్లగా లాక్కుపోతున్నాయి. తమ రేవు దాటిపోయినా ముగ్గురిలో ఎవరూ ఆపమనలేదు.